హామిల్టన్‌లో సుభద్రమ్మ గారి పెన్సిలు

పదకొండు సారీలు

టొరంటోలో దిగిన మొదటి రోజున నాకు పదకొండు మంది సారీ చెప్పారు. వారిలో తొమ్మిది మందికి అడ్డం వెళ్లినది నేనే. నా పెట్టె చక్రం ఒకామె కాలిమీదుగా దొర్లింది. కాలు తొక్కించుకున్న ఆమే సారీ అన్నది. మరొకాయన నాకోసం తలుపు తెరిచి పట్టుకుని, ఇరవై అడుగుల దూరం నుంచి నేను నడిచి వచ్చేదాకా నిలబడి, నన్ను తొందరపెట్టినందుకు సారీ అన్నాడు. రెవెన్యూ శాఖలో ఇరవై ఏడేళ్లుగా పనిచేస్తూ, ప్రస్తుతం డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న నాకు రోజుకు పదకొండు క్షమాపణలు అందుకోవడం కొత్త కాదు. అయితే అవన్నీ నా బల్ల ఎదుట చేతులు కట్టుకుని నిలబడినవారు చెప్పేవి. నాతో ఏ పనీ లేనివారు, నడివీధిలో, చిరునవ్వుతో చెప్పడం మాత్రం కొత్త. అందుచేత నా దినచర్యలో మే 13, శనివారం పుటలో ఆ అంకె వేసి, దాని కింద గీత గీశాను.

మా ఊరి ఉన్నత పాఠశాలకు నూరేళ్లు నిండుతున్న సందర్భంగా వెలువడే సంచికకు నేను సంపాదకుణ్ణి. ఆ బడిలో చదివిన వారిలో అందరికంటే పెద్ద బాధ్యతలు మోసినవారు సుభద్రమ్మ గారు. నేతపనివారి ఇంట పుట్టి, విదేశాంగ సర్వీసుకు ఎంపికై, మూడు దేశాలలో మన రాయబారిగా ఉండి, చివరి ఐదేళ్లు రాష్ట్రపతికి విదేశ వ్యవహారాల సలహాదారుగా పనిచేశారు. ఇప్పుడు డెబ్బై తొమ్మిదేళ్ల వయస్సులో కెనడాలోని హామిల్టన్ నగరంలో, ఉక్కు కర్మాగారంలో ఇంజినీరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న తమ్ముడి ఇంట ఉంటున్నారు. ఆమె జీవిత విశేషాలను ఫోనులో రాసుకుంటానంటే ఒప్పుకోలేదు. "ఫోనులో నా మొహం నీకు కనపడదు, నీ మొహం నాకు కనపడదు. కనపడకుండా చెప్పిన మాట ఎవరికీ పనికిరాదబ్బాయ్. వస్తే చెబుతా. వచ్చేటప్పుడు మన ఆఫీసుల్లో వాడతారే, ఒక కొస ఎరుపూ ఒక కొస నీలమూ ఉండే పెన్సిళ్లు, అవి ఒక డజను పట్రా," అన్నారు.

నా భార్య తమ్ముడు రవి టొరంటో ఉత్తర భాగమైన నార్త్ యార్క్‌లో, ఒక బ్యాంకు కంప్యూటర్ల విభాగంలో పనిచేస్తాడు. రమ్మని ఎప్పటినుంచో పిలుస్తున్నాడు. తొమ్మిది రోజుల సెలవు, నలభై రెండు ప్రశ్నలు రాసుకున్న పుస్తకం, డజను పెన్సిళ్లు వెంటబెట్టుకుని బయలుదేరాను. మన పిల్లలు తండోపతండాలుగా కెనడా చదువులకు వెళుతున్న కాలమది. విమానంలో నా వరుసలోని ఆరుగురిలో ఐదుగురు విద్యార్థులు. నేను ఏ కాలేజీలో చేరబోతున్నానని ఒక కుర్రవాడు మర్యాదగా అడిగాడు కూడా.

తప్పు దిశలో రైలు

సోమవారం రవి ఆఫీసుకు వెళ్లాక, భూగర్భ రైలులో సరస్సు ఒడ్డు దాకా వెళ్లి చూసి వద్దామని బయలుదేరాను. ఎక్కవలసిన స్టేషను, దిగవలసిన స్టేషను, మధ్యలో వచ్చేవి, అన్నీ వరుసగా రాసుకున్నాను. ఎక్కవలసిన వైపు మాత్రం రాసుకోలేదు. రెండు స్టేషన్లు దాటాక నా పట్టికలోని పేరు ఒక్కటీ రాకపోవడంతో, రవికి ఫోను చేసి, "ఒరేయ్ రవీ, మీ ఊళ్లో స్టేషన్ల పేర్లు మార్చారా?" అని అడుగుతున్నాను. ఎదుటి సీటులోని అమ్మాయి ఫక్కున నవ్వింది.

"పేర్లు మార్చలే అంకుల్, మీరే ఉల్టా సైడ్ పోతుండ్రు. ఏడికి పోవాలె?"

ఆమె పేరు మౌనిక. జగిత్యాల దగ్గరి పల్లె. కాలేజీలో చదువుకుంటూ, వారంలో కొన్ని గంటలు ఒక కాఫీ దుకాణంలో పనిచేస్తున్నది. నన్ను దింపి, అవతలి వైపు ఎక్కించి, తాను దిగే చోటు వచ్చినా దిగకుండా సరస్సు దాకా తీసుకువెళ్లింది. తిరిగి వస్తూ, తన దుకాణంలోనే కాఫీ తాగమని కూర్చోబెట్టింది. మా ఊరి హోటలులో పదిహేను రూపాయలకు వచ్చే కాఫీకి ఇక్కడ రెండు డాలర్లు, అంటే నూట ఇరవై రూపాయల పైమాట. పరిమాణం మాత్రం మా ఇంట్లో నలుగురికి సరిపోయేంత. లీటరున్నర ఉందా అని అడిగితే, "అంకుల్, మీరు లెక్కల సారా?" అన్నది.

కాదు, డిప్యూటీ తహసీల్దారునని చెప్పాను. ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

"అంటే సర్కారు కాయిదాలు మీరే రాస్తరా?"

"ఇరవై ఏడేళ్లుగా."

"అంకుల్, ఒక్క లెటర్ చూస్తరా? మీకు పుణ్యముంటది."

ఫోనులో ఆమె చూపిన ఉత్తరం వలసల శాఖ నుంచి వచ్చినది. గత జనవరి నుంచి ఏప్రిల్ వరకు నాలుగు నెలలు ఏ తరగతికీ హాజరైనట్లు కనపడలేదు. కారణం వివరించి, ఆధారాలతో శుక్రవారం సాయంత్రం లోపల జవాబు పంపాలి. జవాబు తృప్తికరంగా లేకపోతే విద్యార్థి అనుమతి రద్దు కావచ్చు. ఉత్తరం మొత్తంలో ఉన్నది ఇంతే.

జరిగినది ఆమె చెప్పింది. మొదట చేరిన ప్రైవేటు కాలేజీ డిసెంబరు చివర, ఆమె చదివే కోర్సునే ఎత్తివేసింది. మరో కాలేజీలో సీటు దొరికినా అది మే నెల నుంచి మాత్రమే. ఇప్పుడు ఒక్క టర్మ్ చదువు మిగిలింది. ఆ చదువులో భాగంగానే జూలైలో, కిచెనర్ అనే పట్నంలోని ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో శిక్షణ ఉద్యోగం ఖాయమైంది. అనుమతి రద్దయితే చదువు లేదు, ఉద్యోగం లేదు. ఉన్న సామానుతో తిరుగు విమానం ఎక్కాలి.

"కన్సల్టెంట్‌ను అడిగితే ఏడు వందల డాలర్లు అన్నడు అంకుల్. అందుకే ఇగ చాట్‌ల మా దోస్తులు చెప్పినట్టు ఏదో ఒకటి రాద్దామని..."

"ఏదో ఒకటి రాయకూడదమ్మా," అన్నాను. నాకు ఉత్సాహం వచ్చింది. పదకొండు సారీల దేశం. ఇక్కడివారి మనస్సు క్షమాపణకు కరగకపోతే మరి దేనికి కరుగుతుంది? అక్కడే, కాగితం చేతితుడుపుల మీద మొదలుపెట్టి, రవి ఇంట పూర్తి చేసి, ఇంగ్లీషులో ఒకటిన్నర పుట ముసాయిదా సిద్ధం చేశాను. నా సర్వీసులో నేను రాసిన ఉత్తమమైన విన్నపాలలో అది ఒకటని ఆ సాయంత్రం దినచర్యలో రాసుకున్నాను. ఆ వాక్యాన్ని ఇప్పుడు కొట్టివేయలేదు, ఉండవలసిందే.

కొండమీది ఇల్లు

మంగళవారం హామిల్టన్‌కు నేను ఒక్కణ్ణే వెళ్లవలసింది. మౌనిక ఒప్పుకోలేదు. "మీరు ఒక్కలే పోతే నయాగరల తేల్తరు అంకుల్. నాకు రేపు క్లాస్ లేదు, షిఫ్ట్ లేదు, నేనొస్త." రైలులో కూర్చున్నంతసేపూ నా ముసాయిదాను ఫోనులో చదువుకుంటూనే ఉంది. ఒకచోట కళ్లు తుడుచుకున్నది. రచయితగా నాకు అంతకంటే ఏం కావాలి?

హామిల్టన్‌లో ఊరు రెండు అంతస్తులుగా ఉంటుంది. కింద సరస్సు, రేవు, ఉక్కు కర్మాగారాల పొగగొట్టాలు. పైన బారుగా సాగిన కొండ. కొండ అంటే నిటారుగా ఉన్న గట్టు మాత్రమే, కాని ఊరంతా దాన్ని మౌంటెన్ అనే పిలుస్తారు. సుభద్రమ్మ గారి ఇల్లు ఆ గట్టు అంచున ఉంది. తలుపు తీసిన తమ్ముడు శేషగిరిరావు గారు నా చేతిలోని పెన్సిళ్ల పొట్లం చూసి, "అమ్మయ్య. ఆర్నెల్ల నుంచి ఇంట్లో రోజూ ఇదే గొడవండీ," అన్నారు.

సుభద్రమ్మ గారు పొట్టిగా, సన్నగా, నీలం అంచు నేతచీరపైన ఉన్ని కోటు వేసుకుని ఉన్నారు. మూడు దేశాల అధినేతలకు పరిచయ పత్రాలు సమర్పించిన మనిషి వంటింట్లో నిలబడి కందిపొడి కలిపిన అన్నం తింటున్నారు. మాకూ అదే పెట్టారు. దానికి తోడు శేషగిరిరావు గారు ఇంట్లోనే పెంచిన గోంగూర. మేలో ఇక్కడ గోంగూర ఎలా వచ్చిందంటే, మార్చి నుంచి కిటికీ దగ్గర కుండీలలో పెంచారట. ఉక్కు కర్మాగారంలో కొలిమి వేడిని కనిపెట్టినట్లే కుండీల వేడినీ రోజుకు మూడుసార్లు చూసి రాసుకుంటారని విని, ఆ పుస్తకం అడిగి చూశాను. నా కంటే శుభ్రంగా రాస్తారు.

భోజనం అయ్యాక, నలభై రెండు ప్రశ్నలు తెరవబోయే ముందు, ఒక చిన్న అభినందన అందుకోవాలన్న ఆశ నన్ను తొందరపెట్టింది. మౌనిక సంగతి చెప్పి, అచ్చు తీసిన ముసాయిదాను సుభద్రమ్మ గారి చేతికిచ్చాను.

ఆమె చదవలేదు. ముందు మౌనికను చూసి, "నువ్వెందుకు నిలబడ్డావే? ఇటు రా, ఇందులో కూర్చో," అని తన రాతబల్ల వెనక ఉన్న కుర్చీ చూపారు.

"అది మీ కుర్చీ మేడమ్."

"తెలుసు. కూర్చుంటే గాని మనిషికి జరిగింది వరసగా జ్ఞాపకం రాదు. కూర్చో."

సుభద్రమ్మ గారు మోడా మీద కూర్చుని, కొత్త పెన్సిలు ఎర్రకొస చెక్కి, చదవసాగారు. ఒకచోట సున్న చుట్టారు. మరొకచోట. ప్రతి సున్న పక్కన అంకె వేశారు. ఏడు వచ్చాయి.

"నువ్వే రాశావా అబ్బాయ్?"

"అవునమ్మా."

"భాష మంచిది." ఒక్క క్షణం నాకు సంతోషమైంది. "ఇంతకీ ఈ పిల్ల చేసిన తప్పేంటి?"

మౌనిక నన్ను చూసింది. నేను మౌనికను చూశాను.

"ఒకటో నంబరు, నా ఘోరమైన పొరపాటుకు చేతులు జోడించి. రెండు, నా అజ్ఞానాన్ని మన్నించి. మూడు, ఇకముందు ఇలాంటి తప్పు చేయనని. ఏం తప్పే అమ్మాయ్? కోర్సు ఎత్తేసింది నువ్వా?"

"కాదు మేడమ్, వాళ్లే బంద్ చేసిండ్రు."

"మరి వాళ్ల తప్పు నీ నెత్తిన ఎందుకు పెట్టుకున్నావు?"

నేను కల్పించుకున్నాను. "మన దగ్గర విన్నపం అలాగే మొదలవుతుంది కదమ్మా. ముందు తప్పు ఒప్పుకుంటే అధికారి మెత్తబడతాడు. ఇక్కడివాళ్లు కూడా మాటకు ముందు సారీ అంటారు..."

"రోడ్డు మీద అంటారు. ఫైల్లో అంటే వాడు దాన్ని కోట్ చేస్తాడు. 'విద్యార్థిని తన తప్పును తానే అంగీకరించినది.' అంతే, వాడి పని సులువైపోయింది, సంతకం పెట్టి మూసేస్తాడు."

తరవాత ఆమె మౌనికను ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు. రాష్ట్రపతి భవనంలో ఆమె ఎలా పనిచేసి ఉంటారో నాకు అప్పుడు అర్థమైంది. గొంతు పెంచలేదు, జాలి పడలేదు. ఒక్కొక్క నెలా తీసి బల్లమీద పెట్టించారు.

"జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఏం తిన్నావు?"

"ఇంటి నుంచి పైసలు తెప్పించుకున్న మేడమ్. మా బాపు ట్రాక్టర్ అమ్మిండు."

"కాఫీ కొట్టు పని?"

"మానేసిన. క్లాస్ లేనప్పుడు పని చెయ్యొద్దు కదా, రూల్. మల్ల మే నెలలనే పనికి ఎక్కిన."

ఆమె నా ముసాయిదాను తిప్పి తిప్పి చూశారు. "ఇది ఎక్కడుంది ఇందులో?"

లేదు. తల్లి కన్నీళ్లున్నాయి, వంశ మర్యాద ఉంది, కెనడా దేశపు ఔదార్యం మూడు చోట్ల ఉంది. ఆ నాలుగు నెలలూ ఆ పిల్ల నియమం తప్పకుండా పని మానుకున్నదన్న ఒక్క ముక్క లేదు. నేను అడగనేలేదు.

"ఈ ఫైలు చూసే అతను మన శత్రువు కాదు," అన్నారు సుభద్రమ్మ గారు. "అతనికీ పైన ఒకడుంటాడు. ఆ పైవాడికి ఇతను ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యం మనమే తయారుచేసి ఇతని చేతిలో పెట్టాలి. కోర్సును కాలేజీ ఆపేసింది, ఆ కాలంలో ఈ అమ్మాయి ఉద్యోగం చెయ్యలేదు, సీటు దొరికిన మొదటి టర్మ్‌లోనే చేరింది. అంతే. నా ఉద్యోగమంతా ఇదే చేశాను."

"సారీ అస్సలే వద్దా మేడమ్? పొగరు అనుకోరా?" అని మౌనిక అడిగింది.

"చివర్న థాంక్స్ చెప్పు. ఒక్కసారి."

ఇంతకీ కోర్సు ఎత్తివేసినట్లు కాగితం ఏదని అడిగారు. కాలేజీ వారు చివరి రోజున అందరికీ ముద్ర వేసిన నోటీసు పంచారు. విద్యార్థుల ఈమెయిలు ఖాతాలు మూసివేశారు, నకలు అడిగితే జవాబు లేదు. మౌనిక తన నోటీసును ఏం చేసింది?

"కోపంల చింపి పారేసిన మేడమ్."

ఆధారం లేని జవాబు ఎంత చక్కగా ఉన్నా జవాబు కాదని నాకూ తెలుసు. చివరకు మౌనికే తల ఎత్తి, తనతో చదివిన హారిక ఇప్పుడు కిచెనర్‌లో ఉందని, అది ఏ కాగితమూ పారేసే మనిషి కాదని అన్నది. ఫోను చేస్తే ఎత్తలేదు.

తొమ్మిది మంది

ఆ సాయంత్రం వెలుతురు ఇంకా ఉండగా, సుభద్రమ్మ గారు నన్ను గట్టు అంచుకు నడిపించుకు వెళ్లారు. ఇక్కడ మే నెలలో రాత్రి ఎనిమిది దాటినా పొద్దు కుంకదు. నలభై రెండు ప్రశ్నలలో ముప్పై ఒకటి ఆ బెంచీ మీదే పూర్తయ్యాయి. అరబ్బీ నేర్చుకోవడానికి ఆమె మార్కెట్లో చేపలమ్మేవారితో రోజూ గంట బేరమాడేవారట. యుద్ధం వచ్చిన ఒక దేశంలో, రేవులో బల్ల వేసుకుని, మన కూలీలకు మూడు రోజులు ఏకధాటిగా ప్రయాణ పత్రాలు రాశారట. ప్రతి విదేశ పర్యటనకూ ముందు రోజు రాష్ట్రపతి ఆమెను పిలిచి ఒకటే ప్రశ్న అడిగేవారు: "రేపు నేను అనకూడనిది ఏమిటి?" ఆమె చిన్న కార్డు మీద రాసి ఇచ్చేవారు. మూడింటికి మించి ఎన్నడూ రాయలేదు. నాలుగోది కూడా ఉంటే ఏం చేసేవారని అడిగాను.

"ఆ దేశానికి వెళ్లొద్దనేదాన్ని."

నేను నవ్వుతూ రాసుకుంటున్నాను. ఆమె నవ్వలేదు.

"ఇవన్నీ రాస్తావు సరే. ఇది కూడా రాయి. మన తీరం వాళ్లే, తొమ్మిది మంది. ఇంజను పాడై, గాలికి కొట్టుకుపోయి, పొరుగు దేశం నీళ్లలో తేలారు. అక్కడివాళ్లు పట్టుకుని జైల్లో వేశారు. అప్పుడు నేను ఆ దేశంలో మన ఎంబసీలో సెకండ్ సెక్రటరీని. ఉత్తరం నేనే రాశాను. మన వాళ్లని త్వరగా వదిలిపెట్టాలని, చాలా మర్యాదగా, 'మా జాలర్లు హద్దు దాటి వచ్చినందుకు విచారిస్తున్నాం' అని మొదలుపెట్టాను. ఇంజను సంగతి రెండో పేజీలో పెట్టాను. కోర్టులో ఆ దేశం లాయరు మొదటి లైను చదివి కూర్చున్నాడు. హద్దు దాటారని జాలర్ల ప్రభుత్వమే ఒప్పుకుంది, ఇంక విచారణ ఎందుకని. ఇంకో ఏడు నెలలు పట్టింది బయటికి తేవడానికి."

కింద రేవులో ఒక ఓడ కదలకుండా ఉంది. ఆమె దానివైపే చూస్తున్నారు.

"సెలవు మీద వచ్చినప్పుడు ఆ పల్లెకి వెళ్లాను. వాళ్లలో ఒకడికి కొడుకు పుట్టి, తండ్రి వచ్చేసరికి పాకడం కూడా నేర్చాడు. ఆ జాలరి పెళ్లాం నా కాళ్లకి దణ్ణం పెట్టింది. 'మీరే విడిపించారంట కదమ్మా' అన్నది. ఏం చెప్పను? ఏమీ చెప్పలేదు. టీ తాగి వచ్చాను."

"ఇది సంచికలో వద్దేమోనమ్మా," అన్నాను. "పిల్లలు చదివే సంచిక."

"పిల్లలు చదువుతారనే చెప్పింది. ఇది లేకపోతే మిగిలింది కూడా వెయ్యొద్దు."

నా నలభై రెండు ప్రశ్నలలో ఆ ప్రశ్న లేదు. ఆమె ఎందుకు ముఖాముఖి చెబుతానన్నారో నాకు అప్పుడు తెలిసింది. పెద్ద పదవులు చేసినవారిని నా ఉద్యోగంలో పలువురిని చూశాను. తమ పొరపాటును తేదీతో సహా అప్పగించి, అచ్చు వేయమన్నవారిని మాత్రం ఆ బెంచీ మీదనే మొదటిసారి చూశాను.

పసుపు మరక

హారిక రాత్రి జవాబిచ్చింది. "ఏదో కాగితం ఉండాల, చూస్తా, రాండి," అని. మేము ఆ రాత్రి సుభద్రమ్మ గారి ఇంటనే ఉండిపోయాము. బుధవారం ఉదయం శేషగిరిరావు గారు కట్టి ఇచ్చిన పెసరట్లతో బస్సు ఎక్కాము. ఆ పెసరట్లు దోవలోనే అయిపోయాయి. అందులో మూడింట రెండు వంతులు నావి.

కిచెనర్ నేను ఊహించిన పట్నం కాదు. పాత ఇటుక ఫ్యాక్టరీలలో కంప్యూటర్ ఆఫీసులు పెట్టారు. బయట పొగగొట్టం, లోపల గాజుగదులు. వాటిలో ఒకదాని ముందు మౌనిక ఆగింది. జూలైలో తాను చేరవలసిన ఆఫీసు అదే. లోపలికి వెళ్లలేదు. తలుపు దగ్గర గంట కొట్టే పలకమీద ఆఫీసు పేరును చేత్తో ఒకసారి తడిమి, "పదండి అంకుల్," అన్నది. అంతలో లోపలినుంచి వచ్చిన ఒకతను, తాను ఏ అడ్డమూ రాకపోయినా, మాకు సారీ చెప్పి వెళ్లాడు. అది తొంభై నాలుగోది.

హారికది అనంతపురం. నలుగురు అమ్మాయిలు ఉండే ఇంట్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జి చేసి పెట్టింది. ఉగ్గానికి కావలసిన బొరుగులు, అంటే మరమరాలు, ఇక్కడి కొట్లలో దొరుకుతాయట. తడిపితే మన బొరుగులంత మెత్తగా రావని, నిమ్మరసం ఎక్కువ పిండాలని వివరంగా చెప్పింది. తింటున్నంతసేపూ మౌనిక ఆమె మొహాన్నే చూస్తున్నది.

"ఏమప్పా, అట్ల జూస్తావు? నిన్న రాత్రంతా వెతికినా. ట్రంకులో లేదు, బ్యాగులో లేదు."

మౌనిక చేతిలోని పళ్లెం కింద పెట్టింది.

"పొద్దున పసుపు డబ్బా తీస్తే కనపడె. అలమారలో కాగితాలు పరిచింటిని గదా, పురుగు పట్టకుండ. వాటిలో ఉండాది."

కాలేజీ ముద్ర, తేదీ, సంతకం, కోర్సు పేరు, ఎత్తివేస్తున్నామన్న ఒక్క పేరా, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. నట్టనడుమ పసుపు డబ్బా అడుగుభాగం గుండ్రంగా అచ్చుపడింది. మౌనిక ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, హారికను తిట్టడం మొదలుపెట్టింది. "నీ యవ్వ, పాణం తీసినవ్ గదనే! ముందుగాల చెప్పొద్దా?" ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నేను ఇంకో బజ్జి తీసుకున్నాను. ఆ సమయంలో చేయదగినది మరొకటి తోచలేదు.

పది వాక్యాలు

గురువారమంతా రవి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాము. నేను రాయడం, మౌనిక అడ్డుపడటం. "అంకుల్, ఈడ మళ్ల 'దయచేసి' పెట్టిండ్రు." "అంకుల్, మా అమ్మ ఏడ్చింది ఆఫీసర్‌కెందుకు?" ఒకటిన్నర పుట ముప్పావు పుటైంది, ముప్పావు అరపుటైంది. చివరకు పది వాక్యాలు నిలిచాయి. రవి ఏడేళ్ల కూతురు వచ్చి తెరమీది ఉత్తరం పైకి చదివి, ఎక్కడా ఆగకుండా పూర్తిచేసి, తనకు అంతా అర్థమైందని ఇంగ్లీషులో ప్రకటించి వెళ్లిపోయింది. ఆ పరీక్షకు నా మొదటి ముసాయిదా నిలిచేది కాదు.

శుక్రవారం ఉదయం పదింటికి సుభద్రమ్మ గారికి ఫోనులో ఆ పది వాక్యాలు చదివి వినిపించాను. అవతల పెన్సిలు చప్పుడు వినపడుతున్నది.

"ఆరోది మూడోదాని ముందు పెట్టు. ఉద్యోగం చెయ్యలేదన్నది పైకి రావాలి. ఇంజను రెండో పేజీలో పెట్టకూడదు."

పెట్టాను.

"పంపించు. పంపినాక మళ్లీ చదవకండి, ఇద్దరూ."

పసుపు మరకతో సహా నోటీసును జతచేసి మౌనిక మీట నొక్కింది. మేమిద్దరం సుభద్రమ్మ గారి మాట వినలేదు. ఆ రోజు ఆ ఉత్తరాన్ని నేను నాలుగుసార్లు చదివాను. మౌనిక లెక్క చెప్పలేదు.

ఇంటికి వచ్చాక

తొమ్మిది రోజులలో నాకు అందిన సారీలు మొత్తం నూట ముప్పై ఆరు. నేను తిరిగి చెప్పినవి ఐదు. అందులో రెండు మాత్రమే చెప్పవలసినవి. ఒకటి మొదటి రోజున నా పెట్టె చక్రం కింద కాలు పడిన ఆమెకు, ఆలస్యంగా, మనస్సులో. రెండవది మౌనికకు, రైలు స్టేషనులో, పైకి. "అదేంది అంకుల్, ఫైల్ల రాస్కుంట, జాగ్రత్త," అని నవ్వింది.

సంచిక సంఘంలోని పెద్దలు తొమ్మిది మంది జాలర్ల పేరాను తీసివేయమన్నారు. అది లేకుండా మిగతాది వేయడానికి సుభద్రమ్మ గారి అనుమతి లేదని చెప్పాను. పేరా ఉన్నది.

జూన్ 29, గురువారం, అంటే జవాబు పంపిన నలభై ఒకటో రోజున, మౌనిక గొంతు ఫోనులో వచ్చింది. "అంకుల్, కాయిదం వచ్చింది. రెండే లైన్లు. ఎక్స్‌ప్లనేషన్ ఒప్పుకుంటున్నం, ఇంక చేసేదేం లేదు అన్నరు. సోమవారం ఆఫీసుల చేరుతున్న."

"ఆ రెండు లైన్లలో సారీ ఉందా?" అని అడిగాను.

"లేదంకుల్. వాళ్లు కూడ సుభద్రమ్మ మేడమ్ దగ్గర నేర్చుకున్నట్టున్నరు."

ఆ సోమవారమే మా కార్యాలయంలో అర్జీల రోజు. పదకొండవ అర్జీ ఒక పెద్దావిడది. భూముల వివరాలుండే ఆన్‌లైన్ అడంగల్లో ఆమె అర ఎకరం పక్క రైతు పేరున ఎక్కింది. ఎక్కించినది మా కార్యాలయమే. ఆ సంగతి కాగితాలు చూడగానే తెలుస్తున్నది. అర్జీ మాత్రం ఇలా మొదలైంది: "అయ్యా, నా తప్పును పెద్దమనసుతో మన్నించి..."

"మీరు చేసిన తప్పేంటమ్మా?" అని అడిగాను.

ఆవిడ బెదిరిపోయింది. "నాకేం తెలుసయ్యా. బయట చెట్టుకింద రాసే ఆయన రాశాడు. అట్టా రాస్తేనే అయ్యగారు సంతకం పెడతారన్నాడు."

"ఏ అయ్యగారు?"

ఆవిడ నా వెనక గోడమీది పేరుపలకను చూసింది. చదవడం రాకపోయినా, అక్కడ ఉన్నది ఎవరి పేరో ఆవిడకు తెలుసు.

సుభద్రమ్మ గారికి తీసుకువెళ్లిన డజను పెన్సిళ్లలో ఒకటి ఆమె నాకే తిరిగి ఇచ్చారు. దాన్ని ఎర్రకొస వైపు తిప్పి మొదటి వాక్యం కొట్టివేశాను. తెల్లకాగితం తీశాను. జరిగినది వరసగా చెప్పమన్నాను. ఆవిడ చేతులు కట్టుకుని నిలబడే ఉంది. గదిలో అర్జీదారులకు కుర్చీ లేదని, ఇరవై ఏడేళ్లలో మొదటిసారి, అప్పుడు గమనించాను. లేచి నిలబడి, నా కుర్చీని బల్ల పక్కకు లాగి, ఆవిడ వైపు తిప్పాను.